మూడంగలకు ఒక పిడికెడు

గడ్డి పెట్టడం పరకయ్యకు వృత్తి. పెట్టించుకోవడం అలవాటు. పగలంతా ఆయన సముద్రపొడ్డున ఇసుక దిబ్బలకు గడ్డి పెడతాడు. సాయంత్రం ఇంటికొచ్చాక భార్య ఆయనకు గడ్డి పెడుతుంది. ఇరవై రెండేళ్ళుగా రెండు పనులూ సెలవు లేకుండా సాగుతున్నాయి. రెంటికీ దిగుబడి బాగానే ఉంది.

పరకయ్య అన్నది వీధివాళ్ళు పెట్టుకున్న పేరు. గడ్డిపరకలా సన్నగా ఉంటాడని కొందరంటారు. దారిలో గడ్డిపరక కనిపిస్తే వంగి క్షేమసమాచారాలు అడుగుతాడని మరికొందరంటారు. రెండూ నిజమే.

ఆ వీధిలో పదకొండు ఇళ్ళు. ఇళ్ళ ముందు రోడ్డు, రోడ్డు ముందు ఇసుక దిబ్బ, దిబ్బ ముందు సముద్రం. పోయిన ఏడాది గాలివానలో సముద్రం ఈ వరస తప్పింది. దిబ్బలో సగం కొరుక్కుతిని, రోడ్డెక్కి, మొదటింటి గుమ్మం దాకా వచ్చింది. లోపలికి రమ్మని ఎవరూ అనకపోయేసరికి గుమ్మంలో విడిచిన చెప్పులు మాత్రం పట్టుకుని వెళ్ళిపోయింది. అల కాదు అది, అలక.

ఆ తర్వాత తీరం బాగోగులు చూసే శాఖ నుంచి ఒక ఇంజనీరు వచ్చాడు. లోకంలో ఏ జబ్బుకైనా ఆయన దగ్గర ఒకటే మందు, రాయి. వీధివాళ్ళందరినీ హాల్లో కూర్చోబెట్టి, "ఈ చివర్నుంచి ఆ చివరిదాకా రాళ్ళు పోయించేస్తాను, పీడా వదిలిపోతుంది," అన్నాడు.

పరకయ్య లేచాడు.

"రాళ్ళు పోస్తే దిబ్బ పోతుంది సార్. దిబ్బ పోతే ఒడ్డున ఇసుక నిలవదు. పడవ లాక్కోడానికి చోటుండదు, పిల్లలు కాలు పెట్టడానికి చోటుండదు. ఒక్క సీజన్ ఆగండి. నేను గడ్డి పెడతాను."

"ఎవరికీ?" అని వెనక వరసలోంచి ఎవరో అన్నారు. హాలంతా గొల్లుమంది. ఇంజనీరు మాత్రం నవ్వలేదు. నవ్వితే రాయి ఎలా అవుతాడు?

"సరే, నాలుగు నెలలు ఇస్తున్నాను," అన్నాడాయన. "నాలుగు నెలల తర్వాత నేనే వస్తాను. నాకు నచ్చిన చోట దుబ్బు పట్టుకుని లాగుతాను. ఊడి చేతికొచ్చిందా, ఆ రోజే రాళ్ళు పడతాయి. నీ గడ్డి నర్సరీకి తాళం కూడా పడుతుంది. సరేనా?"

"సరే సార్," అన్నాడు పరకయ్య.

నర్సరీలో పెంచిన పిలకలు తవ్వి, కట్టలు కట్టి, దిబ్బ మీద నలభై సాళ్ళు నాటించాడు. జానెడున్నర లోతు గుంత, దుబ్బుకీ దుబ్బుకీ మధ్య అడుగున్నర ఎడం. గుంతలో మాత్రం ఎరువు వేయనివ్వలేదు, లేత వేరు మాడిపోతుందని. నాటిన నెలకి ఒక విడత, రెండో నెలకి ఇంకో విడత పైపైన చల్లాడు. ఒకేసారి దండిగా వేసేస్తే పనైపోతుంది కదా అని ఎవరైనా అంటే ఆయనకు ఒళ్ళు మండుతుంది. "ఇసుకంటే చిల్లుల జేబు. ఎంత వేసినా ఒక్క వానకి కిందికి జారిపోతుంది. కొంచెం కొంచెంగా, పసిపిల్లకి గోరుముద్దలు పెట్టినట్టు పెట్టాలి," అంటాడు.

ఎంత కొంచెం? సంచి మీద ఎకరాకు ఇంత అని చిన్న అక్షరాల్లో ఏదో ఉంటుంది. అది చదవాలంటే కళ్ళజోడు కావాలి, కళ్ళజోడు ఎప్పుడూ ఇంట్లో ఉంటుంది. అందుకని ఆయన లెక్క ఆయనది: మూడంగలకు ఒక పిడికెడు. అంగ, అంగ, అంగ, విసురు. అంగ, అంగ, అంగ, విసురు. ఇరవై రెండేళ్ళలో ఆ లెక్క తప్పలేదు. చేతివాటం అంటే అది, అని ఆయన తన చేతిని తనే మెచ్చుకుంటూ ఉంటాడు.

మూడో విడతకి వేళయింది. నలభై రోజుల్లో ఇంజనీరు వస్తాడు. ఎల్లుండి చిరుజల్లు పడొచ్చని రేడియో చెప్పింది. చల్లిన ఎరువు మీద చిరుజల్లు పడితే అంతకన్నా భాగ్యం లేదు. సరిగ్గా అప్పుడే పరకయ్య పడ్డాడు.

భార్యది కుట్టుపని. వీధంతా టైలరమ్మ అంటుంది. మెడలో టేపు లేకుండా ఆవిడను ఎవరూ చూడలేదు. టేపు పొడవు ఐదడుగులు. ఆవిడ పొడవు టేపు కన్నా రెండంగుళాలు తక్కువ. ముందుగదిలో కిటికీ దగ్గర మిషను, గోడవార బట్టలు పరిచే బల్ల, బల్ల కింద ముక్కల మూట, నేల మీద ఎక్కడ పడితే అక్కడ దారపు రీళ్ళు. ఆ ఇంట్లో రీళ్ళు నేల మీదా, ఆయన కళ్ళు ఆకాశంలోనూ ఉండటం మామూలే. ఆ పొద్దున మబ్బు ఎటు పోతోందో కిటికీలోంచి చూస్తూ నడిచాడు. నీలం రంగు రీలు మీద కాలుపడింది. మడమ మెలిపడింది.

డాక్టరు కట్టు కట్టి, ఇరవై రోజులు ఇసుకలో కాలు పెట్టొద్దన్నాడు.

"కాలం కలిసిరాకపోతే సర్దుకుంటాను డాక్టరుగారూ, కాలే కలిసిరాకపోతే ఎలా?" అన్నాడు పరకయ్య.

డాక్టరు కట్టు ఇంకో చుట్టు బిగించాడు.

ఇంటికొచ్చి వరండాలో పడక్కుర్చీలో కూలబడి, ఎదురుగా కనిపిస్తున్న దిబ్బను చూసి, "కొంప మునిగిందే," అన్నాడు. "ఎల్లుండి జల్లు. ఈ రెండ్రోజుల్లో ఎరువు పడకపోతే ఆ దుబ్బులు ఇక పిలకలు వెయ్యవు. పిలకలు లేకపోతే వేళ్ళు దిగవు. వేళ్ళు దిగకపోతే ఆ రాయిగాడు వచ్చి..."

"ఇంజనీరుగారు," అని దిద్దింది టైలరమ్మ, పంటి కింద సూదితో.

"ఆ ఇంజనీరుగారు రాయిగాడు వచ్చి లాగుతాడు."

"మేం చల్లుతాం లెండి. నేనూ తమ్ముడూ. వాడికి ఈ వారం సెలవే కదా."

తమ్ముడు పోస్ట్‌మాన్. పేరు నిచ్చెన. ఉత్తరం ఇవ్వడానికి ఎవరి గేటూ తియ్యడు, గోడ మీది నుంచే కిటికీలో పెట్టేస్తాడు. అక్కా తమ్ముడూ పక్కపక్కన నిలబడితే చూసేవాళ్ళు ఒకే తల్లి పిల్లలంటే నమ్మరు. తల్లి బట్ట కొలవకుండా కత్తిరించి, అక్క దగ్గర మిగిలిందంతా వీడికి అతికించిందంటాడు పరకయ్య.

"బావా, ఏం చెయ్యాలో చెప్పు. చిటికెలో చేసేస్తా," అన్నాడు నిచ్చెన, వరండా కప్పుకి తల తగలకుండా వంగి.

"చిటికె కాదురా, పిడికెడు. మూడంగలకి ఒక పిడికెడు. ఆకుల మీద మంచు ఆరాక మొదలెట్టండి, తడాకుకి గుళికలు అంటుకుంటే మచ్చలు పడతాయి. ఉత్తరం వైపు ఇరవై సాళ్ళు మీ అక్క, దక్షిణం ఇరవై నువ్వు. అంతే. గుర్తుంటుందా?"

"మూడంగలు, ఒక పిడికెడు. ఉత్తరాల వాణ్ణి నాకు దక్షిణం, అక్కకి ఉత్తరం. అదొక్కటే తిరకాసు."

మర్నాడు ఇద్దరూ నర్సరీ షెడ్డులో ఒకే తొట్టిలోంచి బకెట్లు ముంచుకుని దిబ్బెక్కారు. ఎవరు ఎన్ని బకెట్లు ముంచారో ఎవరూ లెక్కపెట్టలేదు. పరకయ్యకు వరండాలోంచి తలలు మాత్రమే కనిపించాయి. నిచ్చెన తల నిలకడగా, అక్క తల అప్పుడప్పుడు. మధ్యాహ్నం మూడింటికి పని ముగించి ఖాళీ బకెట్లు ఊపుకుంటూ ఇద్దరూ రోడ్డు మీదికి దిగారు.

అప్పుడు చూశాడాయన వాళ్ళ నడక.

భార్య టకటక టకటకమని మిషను మీద కుట్టు పడుతున్నట్టు నడుస్తోంది. బావమరిది కాలు ఒక దీపస్తంభం దగ్గర లేస్తే ఇంకో దీపస్తంభం దగ్గర దిగుతున్నట్టుంది. వాడు ఒక్క అంగ వేసేలోగా ఆవిడ రెండు వేసి మూడోది మొదలుపెడుతోంది.

పరకయ్య పడక్కుర్చీలోంచి లేవబోయి, కట్టు గుర్తొచ్చి, మళ్ళీ కూలబడ్డాడు.

మూడంగలు! ఎవరి మూడంగలు?

"ఏమేవ్! ఒరేయ్!" అని అరిచాడు. "ఎవరి అంగలు లెక్కపెట్టారర్రా?"

"నా అంగలు నేనే," అన్నాడు నిచ్చెన. "మధ్యలో నీ అంగలు ఎక్కణ్ణించి తేను బావా? నువ్వు కుర్చీలో ఉన్నావు కదా."

"అయిపోయింది. అంతా అయిపోయింది. ఇది కోడిపిల్లలా నడుస్తుంది, దీని వైపు గడ్డికి అజీర్తి చేస్తుంది, మాడి మసైపోతుంది. నువ్వు ఒంటెలా నడుస్తావు, నీ వైపు గడ్డి ఆకలికి ఛస్తుంది. ఒక పక్క విందు, ఒక పక్క కరువు! ఆ రాయిగాడికి రెండు పక్కలా పండగే!"

"కోడిపిల్ల అన్నారు, విన్నాను," అంది టైలరమ్మ. "ఇరవై సాళ్ళు ఎండలో నడిచొచ్చిన మనిషిని. గడ్డి సంగతి పొద్దున్న చూద్దాం. రేపు పదింటికల్లా ఇరవై యూనిఫారాలకి గుండీలు కుట్టివ్వాలి. అందాకా ఎవరూ ఏమీ ముట్టుకోకండి. కొలవందే నేను కత్తెర పెట్టను, మీరూ ఏదీ పెట్టకండి."

ఆవిడ మాట ఇంట్లో శాసనం. శాసనాలు రాళ్ళ మీద ఉంటాయి కాబట్టి ఆ వేళ పరకయ్యకు అవి రుచించలేదు. ఆవిడ మిషను దగ్గరికెళ్ళగానే బావమరిదిని చెవి కిందికి వంచమన్నాడు. వంచడానికే కొంత సేపు పట్టింది.

"ఒరేయ్, మీ అక్కకి చెప్పకు. జల్లు రేపు మధ్యాహ్నానికల్లా పడుతుంది. పొద్దున్నే వెళ్ళి నీ వైపు సాళ్ళకి ఇంకో చుట్టు వేసెయ్. మళ్ళీ మూడంగలకి పిడికెడే. అక్క వైపు సంగతి ఆలోచిస్తాను, నీళ్ళు పోసి కడగాలో ఏమో."

"అక్కకి తెలిస్తే?"

"తెలిస్తే నాకు గడ్డి పెడుతుంది. నాకు అలవాటే. నువ్వు వెళ్ళు."

పొద్దున్న ఏడింటికి టైలరమ్మ ఆఖరి గుండీ దారం కొరికి, వంటింట్లోంచి కాటా తెచ్చి వరండాలో బల్ల మీద పెట్టింది. పక్కన గిన్నెలో ఎరువు గుళికలు.

"పిడికెడు తియ్యండి."

"ఎందుకు?"

"అంగలు వేరని రాత్రంతా మూలిగారు కదా. పిడికిళ్ళు మాత్రం ఒకటేనా?"

పరకయ్య గిన్నెలో చెయ్యి పెట్టి పిడికెడు తీశాడు.

ఆయన పిడికెడు తూగింది: యాభై గ్రాములు. ఆవిడ తన పిడికెడు వేసింది: ముప్పై.

"మీరు మూడంగలు వేస్తే ఎన్ని దుబ్బులు దాటతారు?"

"ఐదు. కళ్ళు మూసుకుని చెబుతాను."

"నేను నిన్న మూడు దాటాను. మూడు దుబ్బులకి ముప్పై. మీరు ఐదింటికి యాభై. దుబ్బుకి ఎంత పడింది?"

"పదేసి గ్రాములు," అన్నాడు పరకయ్య, బడిలో బెంచీ ఎక్కినవాడిలా. "ఇద్దరిదీ పదే."

"ఇక తమ్ముడి చెయ్యి చూడాలి. వీడేడీ?"

పరకయ్య దిబ్బ వైపు చూడకుండా ఉండటానికి శాయశక్తులా ప్రయత్నించాడు. మెడ మాట వినలేదు. దక్షిణం వైపు దిబ్బ మీద ఒక తల నిలకడగా సాగిపోతోంది. ఆవిడ ఆ తలను చూసింది. ఈ తలను చూసింది. కాటా చంకలో పెట్టుకుని పరుగెత్తింది. కోడిపిల్ల కాదు, గద్ద.

"ఆగరా! అంగ వేశావంటే కాళ్ళు కత్తిరిస్తాను!"

నిచ్చెన గాల్లో లేపిన కాలు గాల్లోనే ఉంచాడు. అక్కడికక్కడే వాడి చేత పిడికెడు తీయించి తూచింది: డెబ్భై. మూడంగలు వేయించి లెక్కపెట్టింది: ఏడు దుబ్బులు.

మనిషిని బట్టి కాలు, కాలిని బట్టి చెయ్యి. నిన్న ముగ్గురిలో ఎవరు చల్లినా దుబ్బుకి పడేది ఆ పది గ్రాములే. దిబ్బంతటికీ సరిగ్గా సరిపోయింది. సరిదిద్దబోయిన చోట మాత్రం సరిపోలేదు. అప్పటికే నాలుగు సాళ్ళకి రెండో చుట్టు పడిపోయింది.

"బావే చెప్పాడు," అన్నాడు నిచ్చెన, కాలు దించుతూ.

"బావకి నేను చెబుతాను. నువ్వు ముందు ఏరు."

"ఇసుకలోంచి గుళికలు ఏరడమా? ఎరువు ఏరడానికి నాకు ఏరు దాటినంత టైం పడుతుందక్కా!"

ఇద్దరూ మోకాళ్ళ మీద కూర్చుని పావుగంట ఏరారు. గిన్నెడు కూడా రాలేదు, జల్లు వచ్చేసింది. రేడియో చెప్పినదానికన్నా నాలుగు గంటలు ముందు. తడిసిన కాటాతో, తడిసిన తమ్ముడితో ఆవిడ వరండా ఎక్కేసరికి పరకయ్య కుర్చీలో కళ్ళు మూసుకుని సిద్ధంగా ఉన్నాడు.

"పెట్టు," అన్నాడు.

టైలరమ్మ ఆయన వంక చూసింది. నీళ్ళు కారుతున్న తమ్ముడి వంక చూసింది. ఎక్కడో మొదలైన నవ్వు ఆపుకోలేక గుమ్మానికి ఆనుకుని, టేపు మొహానికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నిచ్చెన నవ్వాడు, తల కప్పుకి కొట్టుకుంది. పరకయ్య ఒక కన్ను తెరిచాడు.

"ఇరవై రెండేళ్ళు," అంది ఆవిడ ఊపిరి తీసుకుని, "ఒక్కరోజైనా ఆ చెయ్యి తూచి చూసుకున్నారా మీరు?"

"నా చేతి మీద నాకు నమ్మకం."

"మా చేతుల మీదే లేదన్నమాట."

ఆ మాట మాత్రం ఆయనకు లోపలికి దిగింది. పదిరోజులు గడ్డి పెట్టినా అంత లోతు దిగేది కాదు.

జల్లు పనిచేసింది. వారం తిరిగేసరికి దిబ్బకి గడ్డం మొలిచింది. మూడు వారాలకి ప్రతి దుబ్బూ పక్కకి పిలకలు వేసింది. ముప్పై ఆరు సాళ్ళు పొట్టిగా, గరుగ్గా, లేతాకుపచ్చగా నిలబడ్డాయి. ఆ నాలుగు సాళ్ళ సంగతి వేరు. అవి నడుమెత్తు పెరిగి, నల్లటాకుపచ్చ రంగు తిరిగి, పట్టులా నిగనిగలాడాయి. వీధిలో వాళ్ళు సాయంత్రాలు వచ్చి వాటి ముందే నిలబడేవాళ్ళు. "మిగతావాటికి తిండి చాలలేదు పాపం," అనేవాళ్ళు. కట్టు విప్పాక దిబ్బెక్కిన పరకయ్య మాత్రం వాటిని చూసి తల పక్కకు తిప్పుకునేవాడు. గాలి వీస్తే అవి నిలబడవు, సోఫాలో పడ్డ కొత్త అల్లుళ్ళలా ఒకదాని మీద ఒకటి వాలిపోతాయి.

ఇంజనీరు చెప్పిన రోజుకి, చెప్పిన టైముకి వచ్చాడు. ఒక్కడే రాలేదు. వెనకాల రాళ్ళ లారీ కూడా వచ్చింది. మళ్ళీ మళ్ళీ తిరగడం దండగని తెచ్చేశానన్నాడు. లారీ వీధి మొదట్లో ఆగి గుర్రుగుర్రుమంటోంది.

ఇసుకేస్తే రాలనంత జనం. అసలే ఇసుక దిబ్బ, కొత్తగా వెయ్యక్కర్లేదు కూడా.

"బావా," అన్నాడు నిచ్చెన వంగి గుసగుసగా, "ఆ నాలుగు సాళ్ళ దగ్గరికి తీసుకుపో. మిగతావి దూరం నుంచి చూపించు."

పరకయ్య జవాబు చెప్పేలోపే ఇంజనీరు తనంతట తానే ఆ నాలుగు సాళ్ళ దగ్గర ఆగాడు. రాయి లాంటి ఆ మొహంలో ఏదో కదిలింది.

"అబ్బ! గడ్డంటే ఇదీ," అన్నాడు. "మిగతావి ఏమిటిలా ఉన్నాయి, రోగిష్టి మొహాలేసుకుని? ఇదిగో పరకయ్యా, నేను అన్యాయస్థుణ్ణి కాదు. ఈ నాలుగింటికీ ఏం పెట్టావో మిగతా అన్నిటికీ అదే పెట్టు. ఇంకో నెల ఇస్తాను. లారీ ఇవాళ్టికి వెనక్కి పంపేస్తాను."

జనం చప్పట్లు కొట్టబోయారు. నిచ్చెన మొహం చేటంత అయింది. ఇంకో నెల! నర్సరీకి తాళం లేదు, రాళ్ళు లేవు, 'సరే సార్' అంటే చాలు.

పరకయ్యకు ఆ 'సరే' నాలుక చివరిదాకా వచ్చింది. భార్య వైపు చూశాడు. ఆవిడ ఏ సైగా చెయ్యలేదు. ఊరికే చూస్తోంది, బట్ట పరిచి కొలత తీసేముందు చూసినట్టు.

"పెట్టను సార్," అన్నాడు పరకయ్య.

"ఏమిటీ?"

"పెట్టను. ఆ నాలుగు సాళ్ళూ నా పొరపాటు. తొందరపడి రెట్టింపు పెట్టించాను. అవి తిని పడుకున్నాయి. పైకి పెరగడానికే తిండంతా ఖర్చుపెట్టాయి, కిందికి దిగే పని మానేశాయి. దిబ్బంతా అలాగే చేస్తే మీ రాళ్ళకి నేనే దారి ఇచ్చినట్టు. మీరు లాగుతానన్నారుగా, లాగండి. ముందు వీటినే లాగండి."

ఇంజనీరు కనుబొమలు ముడిపడ్డాయి. మంచి చెయ్యబోతే వద్దనే మనిషి ఆయనకు సర్వీసులో తగల్లేదు. నిగనిగలాడుతున్న ఒక దుబ్బును రెండు చేతులా పట్టుకుని గట్టిగా గుంజాడు. అంత బలం అక్కర్లేకపోయింది. దుబ్బు విగ్గులా ఊడొచ్చింది. ఇంజనీరు దుబ్బుతో సహా వెనక్కి, ఇసుకలో, కూర్చున్నాడు.

ఎవరూ నవ్వలేదు. నవ్వకుండా ఉండటానికి పదకొండు ఇళ్ళవాళ్ళూ పెదాలు కొరుక్కున్నారు.

ఆయన లేచి దులుపుకోకుండానే ఉత్తరం వైపు నడిచి, అన్నిటికన్నా బక్కగా ఉన్న దుబ్బును ఏరుకున్నాడు. అది టైలరమ్మ చల్లిన సాలు. ఇంజనీరు గుంజాడు. ఆకు తెగింది. ఇంకో గుప్పెడు పట్టుకుని గుంజాడు. అరచేతులు ఎర్రబడ్డాయి. నిచ్చెన వైపు తిరిగి, "ఇలా రావయ్యా పొడుగూ, ఓ చెయ్యి వెయ్యి," అన్నాడు. నిచ్చెన మొహమాటంగా చెయ్యి వేశాడు.

"మొహమాటపడకు. లాగు!" అన్నాడు పరకయ్య.

ఇద్దరూ కలిసి లాగారు. దుబ్బు ఉన్నచోటే ఉంది. పరకయ్య మోకాళ్ళ మీద కూర్చుని దాని పక్కన ఇసుక చేత్తో తోడాడు. ముంజేయి మునిగింది, మోచేయి మునిగింది. వేళ్ళు ఇంకా కిందికే ఉన్నాయి. ఇంజనీరు కూడా చెయ్యి పెట్టి తడిమాడు. ఆ గుంతలో ఎవరి వేళ్ళు ఎవరివో, గడ్డి వేళ్ళు ఏవో తెలియలేదు.

"ఇదిగో సార్, ఈ కర్ర నాటినరోజు పాతాను. అప్పుడు మోకాలెత్తుండేది," అని చూపించాడు పరకయ్య. ఇప్పుడది జానెడే పైకి ఉంది. గాలికి కొట్టుకొచ్చిన ఇసుకనంతా ఆ బక్క ఆకులు ఆపి పోగేసుకున్నాయి. పోగైన కొద్దీ అవి పైకొచ్చాయి, దిబ్బా పైకొచ్చింది. వాలిపోయిన ఆ నాలుగు సాళ్ళ దగ్గర పాతిన ఇంకో కర్ర మాత్రం ఇంచుమించు మోకాలెత్తే ఉంది.

ఇంజనీరు ఇసుకలోనే కూర్చుని కాగితాల అట్ట ఒళ్ళో పెట్టుకున్నాడు. పెన్ను మూత తీసి, కాసేపు సముద్రం వైపు చూశాడు.

"ఏం రాయమంటావయ్యా?"

"రాయి తప్ప ఏదైనా రాయండి సార్."

ఇంజనీరు మొహం పగిలింది. మామూలుగా పగల్లేదు, నిలువునా పగిలింది. అంత పెద్ద నవ్వు అంత చిన్న నోట్లో ఇన్నాళ్ళూ ఎలా దాక్కుందో ఎవరికీ తెలియలేదు. నవ్వుతూనే రాశాడు: తీరం నిలిచింది, రాళ్ళు అక్కర్లేదు, నర్సరీ కొనసాగించవలెను. కింద సంతకం. ఇక జనాన్ని ఎవరు ఆపుతారు? ఒకళ్ళనొకళ్ళు కావలించుకున్నారు, పిల్లలు దిబ్బ మీది నుంచి ఒడ్డుదాకా దొర్లారు.

"గడ్డి తొక్కకండర్రా!" అని పరకయ్య అరిచాడు. ఆయన కళ్ళు మాత్రం తడిగానే ఉన్నాయి.

"గాలికి ఇసుక పడింది," అన్నాడు భార్యతో.

"అవును. రెండు కళ్ళలోనూ ఒకేసారి," అంది టైలరమ్మ.

అప్పటిదాకా వీధి మొదట్లో ఆగిన లారీ డ్రైవరు ఓపిక నశించి, బండిని దిబ్బదాకా నడుపుకొచ్చాడు.

"రాళ్ళెక్కడ దింపాలండీ?"

"ఎక్కడా వద్దు," అని వందమంది ఒకేసారి అన్నారు.

డ్రైవరు కంగారుపడి బండి వెనక్కి తిప్పబోయాడు. వెనక చక్రం ఇసుకలో దిగబడింది. ఎంత రేసు చేసినా గిర్రున తిరుగుతుందే తప్ప కదలదు. ఆ రాళ్ళ బరువంతా వీధివాళ్ళ భుజాల మీద పడింది. పదకొండు ఇళ్ళవాళ్ళూ, ఇంజనీరూ, నిచ్చెనా కలిసి ఊపిరి బిగబట్టి తోశారు. "రానీ, రానీ, ఆపు, మళ్ళీ!" అని టైలరమ్మ ముందు నిలబడి అరుస్తోంది. నాలుగో ఊపుకి లారీ రోడ్డెక్కింది.

డ్రైవరు దిగి చెమట తుడుచుకుంటూ దిబ్బ వైపు చూశాడు.

"మా ఇల్లు కూడా సముద్రం పక్కనేనండీ," అన్నాడు మెల్లిగా. "పోయినేడు మా పాక వెనక గోడ కూలింది. మా దగ్గర ఎవరూ ఏమీ పెట్టలేదు. నేను రోజూ రాళ్ళు మోస్తున్నాను గానీ మా ఇంటికి ఒక్క రాయీ దక్కలేదు. ఈ గడ్డి ఎక్కడైనా బతుకుతుందాండీ?"

పరకయ్య అప్పటికే నర్సరీ వైపు కుంటుకుంటూ పరుగెత్తుతున్నాడు. పావుగంటలో పది కట్టల పిలకలు తెచ్చాడు, తడిగుడ్డలో చుట్టి. లారీ మీద రాళ్ళ పైన పేర్చి తాడు కట్టాడు. ఒక కట్ట మిగిలింది, ఎక్కడా ఇమడలేదు. అది తీసుకెళ్ళి, క్యాబిన్లో డ్రైవరు పక్కన కూర్చున్న ఇంజనీరు ఒళ్ళో పెట్టాడు.

"జాగ్రత్తగా పట్టుకోండి సార్. కుదుపులకి వేళ్ళు దెబ్బతింటాయి."

ఇంజనీరు దాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు, కొత్తగా పుట్టిన బిడ్డను తొలిసారి ఎత్తుకున్న తండ్రిలా, కొంచెం భయంగా. లారీ కదిలింది. కింద నల్లటి రాళ్ళు, పైన గాలికి ఊగుతున్న పచ్చటి పిలకలు. వీధి మలుపు తిరిగేదాకా పిల్లలు వెనకాల పరుగెత్తారు.